ఇంటి సాధనకు దగిన గిటారు యాంప్లిఫయరు

"మా వానికి ఎలక్ట్రిక్ గిటారు కొంటిమి. దానికెన్ని వాట్ల యాంప్లిఫయరు కొనవలెను?" అని తలిదండ్రులు మమ్ము తఱచుగా నడుగుచుందురు. ప్రశ్న చిన్నదియే. కాని దాని వెనుక నొక కుటుంబము కూడబెట్టిన సొమ్మును, ఒక విద్యార్థి సాధనయు, వాని చెవుల యారోగ్యమును, పొరుగువారి నిద్రయు నున్నవి. తగని యంత్రము కొన్నచో సొమ్ము పోవుట యొక నష్టము. దానిని ఇంటిలో మ్రోగింప వీలులేక గిటారు మూలబడుట అంతకంటె పెద్ద నష్టము. కావున నీ విషయమును మన భౌతికశాస్త్ర పాఠములతో జోడించి, విద్యార్థులకును తలిదండ్రులకును బోధపడునట్లు వివరింపదలచితిమి.

1. ఎలక్ట్రిక్ గిటారు ఏల మెల్లగా పలుకును?

సామాన్యమైన గిటారునకు బోలుగానున్న కొయ్యపెట్టె గలదు. తీగె కంపించినప్పుడు ఆ పెట్టె పలకయు, లోపలి గాలియు గంపించి ధ్వనిని పెద్దది చేయును. ఎలక్ట్రిక్ గిటారులలో పెక్కింటికి ఈ బోలు పెట్టె యుండదు. అవి గట్టి కొయ్యతో జేయబడును. కావున వాటిని ఊరక మీటినచో ప్రక్క గదిలోనివారికి వినబడుటయు గష్టమే.

ఈ గిటారు తీగెల క్రింద పికప్పు అను పరికరము గలదు. అయస్కాంతముల చుట్టును వెండ్రుకవలె సన్నని రాగితీగెను వేలకొలది చుట్లు చుట్టి దీనిని జేయుదురు. పైనున్న ఉక్కుతీగె కంపించినప్పుడెల్ల అయస్కాంతక్షేత్రము మాఱి, రాగిచుట్టలో విద్యుత్తు పుట్టును. 1831వ సంవత్సరములో మైకేల్ ఫారడే కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే యిచ్చట పనిచేయుచున్నది. ఈ కారణముచేతనే నైలాను తీగెలను బిగించినచో పికప్పు పలుకదు.

ఇట్లు పుట్టిన విద్యుత్తు మిక్కిలి స్వల్పము. మెల్లగా మీటినప్పుడు వోల్టులో పదవవంతు, గట్టిగా మీటినప్పుడు సుమారొక వోల్టు ఉండును. దీనిని బలపఱచుటకు యాంప్లిఫయరు కావలెను. అందు మొదటి భాగము చిన్న సంకేతమును పెంచును. రెండవ భాగము మంద్ర, మధ్య, తారధ్వనులను మన యిష్టానుసారముగా సవరించును. మూడవ భాగము స్పీకరును గదలించుటకు జాలిన శక్తి నిచ్చును. తుదకు స్పీకరు ఆ శక్తిని ధ్వనిగా మార్చును.

ఇంటిలోనున్న టీవీకో, పాటల పెట్టెకో గిటారును దగిలింపరాదా యని కొందఱడుగుదురు. గిటారు యాంప్లిఫయరు ముఖద్వారమునకు సామాన్యముగా పదిలక్షల ఓముల నిరోధముండును. పాటల పెట్టెలకు అది కొన్ని వేల ఓములు మాత్రమే. అట్టి దానికి దగిలించినచో పికప్పు సంకేతము నీరసించి, తారధ్వనులు నశించి, గిటారు దుప్పటి కప్పినట్లు పలుకును. కావున దానికి దగిన యంత్రము వేఱుగా నుండవలసినదే.

2. ఇంటిలో యంత్రము చేయవలసిన పని

వేదికపైనుండు యాంప్లిఫయరునకును ఇంటిలోని దానికిని పని యొకటి కాదు. వేదికపై డ్రమ్ములతో సమానముగా పలికి దూరమున నున్నవారికి వినిపింపవలెను. ఇంటిలో వినవలసినవాడు సాధకుడొక్కడే. తన వ్రేలు తీగెను సరిగా నొక్కెనా, స్వరము శుద్ధముగా పలికెనా, ఒక మీటు పెద్దదియు నొకటి చిన్నదియు నైనదా యని అతనికి దెలియుటయే యచ్చటి ప్రయోజనము. కావున ఇంటికి గొనవలసినది పెద్దగా మ్రోగు యంత్రము కాదు. చిన్న శబ్దములోనే తప్పొప్పులను స్పష్టముగా వినిపించు యంత్రము. ఈ వ్యాసములో మేము చెప్పదలచినదంతయు ఈ యొక్క మాటనుండియే వచ్చుచున్నది.

3. వాట్ల లెక్క

పది వాట్ల యంత్రముకంటె ఇరువది వాట్ల యంత్రము రెండింతలు పెద్దగా పలుకునని పలువురు భావింతురు. చెవి యట్లు లెక్కింపదు. శక్తి రెట్టింపైనచో ధ్వని 3 డెసిబెల్లు మాత్రమే పెరుగును. శక్తి పదిరెట్లైనచో 10 డెసిబెల్లు పెరుగును. అప్పుడు గాని చెవికి ధ్వని సుమారు రెట్టింపైనట్లు తోచదు. పది వాట్లకును ఇరువది వాట్లకును గల భేదము పోల్చి వినువానికి దెలియును గాని, అది గొప్ప భేదము కాదు.

ఒక చిన్న స్పీకరు, ఒక వాటు శక్తి నిచ్చినప్పుడు, ఒక మీటరు దూరమున 90 డెసిబెల్ల ధ్వని చేయుననుకొందము. పది వాట్లకు 100 డెసిబెల్లు, నూఱు వాట్లకు 110 డెసిబెల్లు వచ్చును. ఇప్పుడు వెనుకకు లెక్కింపుడు: వాటులో పదవవంతునకు 80, నూఱవవంతునకు 70 డెసిబెల్లు వచ్చును. ఇద్దఱు ఎదురెదురుగా మాటలాడుకొనునప్పటి ధ్వని సుమారు 60 డెసిబెల్లు. అనగా గదిలో హాయిగా సాధన చేయుటకు వాటులో కొన్ని నూఱవవంతులు చాలును! నూఱు వాట్ల యంత్రమును గొన్నవారు ఇంటిలో దాని శక్తిలో పదివేలవవంతు మాత్రమే వాడుకొనుచు, మిగిలిన దానికి ఊరక వెల యిచ్చినట్లగును.

కావున 5 మొదలు 15 వాట్ల లోపలి ట్రాన్సిస్టరు యంత్రము ఇంటికి ధారాళముగా సరిపోవును.

వాట్లకంటె స్పీకరు పరిమాణము ముఖ్యము. గిటారునందలి లావు తీగె సెకనుకు సుమారు 82 మారులు కంపించును. మూడు నాలుగంగుళముల స్పీకరు అంతటి మంద్రధ్వనిని నిండుగా పలికింపజాలదు. ఆరు మొదలు ఎనిమిదంగుళముల స్పీకరు గదికి దగినది. అదియును గాక, ధ్వని చిన్నదైనకొలది చెవికి మంద్రధ్వనులు మఱింత తక్కువగా వినబడునని ఫ్లెచర్, మన్‌సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో ప్రకటించిరి. అందుచేత మెల్లగా వాయించునప్పుడు బాస్ నాబును కొంచెము పెంచుకొనుట మంచిది.

4. చెవులును పొరుగువారును

అమెరికా దేశపు వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థవారి సిఫారసు ప్రకారము 85 డెసిబెల్ల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్లకును కాలము సగమగును: 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒక గంట, 100 డెసిబెల్లకు పావుగంట మాత్రమే. పైనజెప్పిన పది వాట్ల యంత్రమును పూర్తిగా పెంచి దగ్గఱ గూర్చుండినచో ఆ పావుగంట యెంత శీఘ్రముగా గడచునో ఆలోచింపుడు. చెవిలోపల ధ్వనిని గ్రహించు సూక్ష్మకణములు చెడినచో మరల మొలకెత్తవు. హెడ్‌ఫోనులు పొరుగువారిని రక్షించును గాని, పెద్దగా పెట్టినచో మన చెవులను రక్షింపవు.

మనదేశమున 2000వ సంవత్సరపు ధ్వనికాలుష్య నియమములు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్ల పరిమితిని విధించినవి. రాత్రి యనగా 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వఱకు. గోడకు గోడ యానుకొనిన యిండ్లలోను, అపార్టుమెంటులలోను ఈ నియమము స్మరింపదగినది. పొరుగింటి గోడకు యంత్రమును ఆనించి యుంచవలదు. నేలమీద గాక బల్లమీదనో కుర్చీమీదనో చెవివైపునకు ద్రిప్పి యుంచినచో, తక్కువ ధ్వనిలోనే స్పష్టముగా వినబడును. నేలగుండ పోవు మంద్రధ్వనియు దగ్గును.

5. యంత్రముల రకములు

మొదటిది వాల్వు యంత్రము. ఫెండర్ కంపెనీవారి చాంప్ అను సుమారు 5 వాట్ల చిన్న వాల్వు యంత్రము ఈ జాతిలో ప్రసిద్ధమైనది. వాల్వు ధ్వనిని మెచ్చుకొనువారు పెక్కుమంది. కాని వాల్వులు పాతబడినచో మార్చవలెను, వెల యధికము, మెచ్చదగిన ధ్వని రావలెనన్న నాబును బాగుగా పెంచవలెను. ఇంటిలో 5 వాట్ల వాల్వు యంత్రమే పెద్ద మ్రోత. క్రొత్తగా నేర్చుకొనువానికి దీనిని మేము సూచింపము.

రెండవది ట్రాన్సిస్టరు యంత్రము. ట్రాన్సిస్టరు 1947లో బెల్ పరిశోధనశాలలో పుట్టినది. ఈ యంత్రములు తేలిక, దృఢము, చవుక. ఫెండర్ ఫ్రంట్‌మన్ 10జి, మార్షల్ ఎంజి10, వాక్స్ పాత్‌ఫైండర్ 10 అను 10 వాట్ల యంత్రములును, ఆరెంజ్ క్రష్ 12 అను 12 వాట్ల యంత్రమును ఈ తరగతిలోనివి. వీటి స్పీకర్లు ఆరు, ఆరున్నర యంగుళములవి.

మూడవది డిజిటల్ యంత్రము. ఇది పలు యంత్రముల ధ్వనులను లెక్కలద్వారా అనుకరించును. బాస్ కటానా 50 అను దానికి 12 అంగుళముల స్పీకరును, 50, 25, అర వాటు అను మూడు శక్తిమెట్లును గలవు. కొంత యెక్కువ వెల పెట్టగలవారికి అర వాటు మెట్టు ఇంటిలో మిక్కిలి యుపయోగము. అదే కంపెనీవారి కటానా మినీ 7 వాట్లది. ఆరు చిన్న బ్యాటరీలతో గూడ నడచును. కరెంటు పోవు ఊళ్లలో ఇది యొక సదుపాయము. అయితే దాని స్పీకరు నాలుగంగుళములే.

నాలుగవది గిటారు జాక్‌లో నేరుగా గుచ్చుకొని హెడ్‌ఫోనులతో వినునట్టి అగ్గిపెట్టె వంటి యంత్రము. వాక్స్ ఆంప్లగ్ అట్టిది. అతి తక్కువ సొమ్ముతో సాధన ప్రారంభింపవలసిన యింటికి ఇది నిజమైన మార్గము. దీనిని ఆటవస్తువని తక్కువ చేయరాదు. తరువాత పెద్ద యంత్రము కొనినను ఇది రాత్రిపూట సాధనకు నిలిచియుండును.

6. ఉండవలసినవి, లేకున్నను జరుగునవి

హెడ్‌ఫోనుల జాక్ తప్పక యుండవలెను. దానిని దగిలించినప్పుడు స్పీకరు మౌనము వహింపవలెను. బాస్, ట్రెబుల్ నాబులైన వేఱువేఱుగా నుండవలెను. ఫోనునుండి పాటనో, శ్రుతినో, తాళమునో కలుపుకొనుటకు వేఱొక జాక్ ఉన్నచో మంచిది. లేకున్నచో ఫోనును ప్రక్కన బెట్టి వినవచ్చును. ఆరెంజ్ క్రష్ 12కు హెడ్‌ఫోనుల జాక్ కలదు గాని ఫోను జాక్ లేదు. ఇట్టి భేదములను కొనుటకు ముందే చూచుకొనవలెను.

బ్లూటూత్ హెడ్‌ఫోనులతో గిటారు సాధన చేయదలచినవారికి ఒక హెచ్చరిక. వాటిలో ధ్వని తఱచుగా సెకనులో పదవవంతో, అంతకు మించియో ఆలస్యముగా వచ్చును. సెకనులో పదవవంతున ధ్వని గాలిలో సుమారు 34 మీటర్లు పోవును. అనగా యంత్రమును 34 మీటర్ల దూరమున నుంచి వాయించినట్లగును. తాళము నిలువదు. తీగెతోనున్న హెడ్‌ఫోనులే తగినవి.

నూఱు రకముల ధ్వనులున్నవని అంగడివారు చెప్పినచో తొందరపడవలదు. సాధకునకు మొదటి సంవత్సరము కావలసినది ఒక్క స్వచ్ఛమైన ధ్వని. గెయిన్ నాబును పెంచినచో తరంగముల శిఖరములు తెగి, పెద్ద మీటును చిన్న మీటును ఒక్కటే యైనట్లు వినబడును. రాక్ పాటలకు ఆ ధ్వని యవసరమే. తగలరాని తీగెలను అరచేతితో నాపుట నేర్చుకొనుటకును అది పనికివచ్చును. కాని నిత్యము దానిలోనే సాధన చేయువానికి తన మీటులలోని హెచ్చుతగ్గులు తెలియవు. 1969లో పాలకొల్లులో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతమును, గమకములతో సహా, వాయించి ప్రపంచమును మెప్పించెను. పికప్పును యాంప్లిఫయరును శబ్దమును పెద్దది చేయుటకు మాత్రమే గాక, వ్రేలి సూక్ష్మమును వినిపించుటకును గలవని తెలియుటకు అంతకంటె చక్కని నిదర్శనము మనకు వేఱొకటి యక్కఱలేదు.

7. విద్యుత్తు విషయమున జాగ్రత్త

మన యిండ్లలోని విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్‌జులు. అమెరికాలోనున్న బంధువులు ప్రేమతో తెచ్చి యిచ్చు యంత్రము అచ్చటి 120 వోల్టులకు జేసినదై యుండవచ్చును. దానిని మన ప్లగ్గులో నేరుగా పెట్టినచో కాలిపోవును. వెనుకనున్న చీటీపై '100–240' అని యున్నచో భయము లేదు. '120' అని మాత్రమే యున్నచో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావలెను, దాని వెలయు లెక్కలో జేర్చుకొనవలెను.

మూడు ముళ్ల ప్లగ్గున్న యంత్రమునకు మూడవ ముల్లును దీసివేయుటయు, రెండు ముళ్ల అడాప్టరుతో సరిపెట్టుటయు ప్రాణాపాయము. గిటారు తీగెలు కేబులుద్వారా యంత్రపు లోహభాగముతో గలిసియుండును. యంత్రములో లోపము గలిగి, ఎర్తు లేనప్పుడు, ఆ విద్యుత్తు వాయించువాని చేతులకు వచ్చును. వాల్వు యంత్రములను విప్పి చూడవలదు. ప్లగ్గు తీసిన తరువాతను లోపలి కెపాసిటర్లలో వందలకొలది వోల్టులు నిలిచియుండును. అట్లే స్పీకరు దగిలింపక వాల్వు యంత్రమును నడపినచో లోపలి ట్రాన్స్‌ఫార్మరు చెడును.

8. అంగడిలో పరీక్ష

విద్యార్థి తన గిటారును దీసికొనిపోయి పరీక్షింపవలెను. అంగడిలోని ఖరీదైన గిటారుతో ఏ యంత్రమైనను బాగుగనే పలుకును. మొదట ధ్వనిని మాటలాడుకొనుటకు వీలైనంత తగ్గించి, స్వచ్ఛధ్వనిలో ఆఱు తీగెలను ఒక్కొక్కటిగా మీటవలెను. లావు తీగె గుడగుడలాడక, సన్నని తీగె చెవిని పొడువక, పలుకవలెను. పిమ్మట ఒకే తీగెను మెల్లగాను గట్టిగాను మీటి, ఆ భేదము వినబడుచున్నదా యని చూడవలెను. తరువాత వాల్యూము నాబును సున్ననుండి నెమ్మదిగా త్రిప్పవలెను: కొన్ని యంత్రములలో మొదటి గీతకే ధ్వని ఒక్కసారిగా విజృంభించును, అవి యింటికి దగవు. తుదకు హెడ్‌ఫోనులు పెట్టి వినవలెను.

పాత యంత్రమైనచో నాబులు త్రిప్పునప్పుడు కరకరలాడుచున్నవా, స్పీకరు కాగితము చిరిగినదా, కాలిన వాసన గలదా, ప్లగ్గు సరిగా నున్నదా యని చూడవలెను. 'హమ్' అను మ్రోత విన్నచో గిటారు కేబులును దీసి మరల వినుడు. మ్రోత ఆగినచో దోషము గిటారుదో కేబులుదో, నిలిచినచో యంత్రముదే. నాబులు కరకరలాడుట శుభ్రపఱచిన తీఱును. చిరిగిన స్పీకరు, కాలిన వాసన గల యంత్రమును విడిచిపెట్టుటయే మేలు.

9. సొమ్మును పంచుకొనుట

గిటారు, యాంప్లిఫయరు, కేబులు, ట్యూనరు, అదనపు తీగెలు అను ఐదును కలిపి యొకే లెక్కగా వ్రాసికొనుడని మేము తలిదండ్రులకు జెప్పుదుము. యాంప్లిఫయరునకు గిటారు వెలలో సగమునకు మించి పెట్టవలసిన యవసరము నేర్చుకొనువానికి లేదని మా యభిప్రాయము. సొమ్ము చాలనిచో తగ్గింపవలసినది వాట్లను, ధ్వనుల సంఖ్యను. తగ్గింపరానిది గిటారును సరిచేయించు ఖర్చు. తీగెలు ఫలకముకంటె మిక్కిలి ఎత్తుననున్నచో వ్రేళ్లు నొచ్చి బాలుడు సాధన మానివేయును. ఆ నొప్పిని ఏ యాంప్లిఫయరును తీర్పజాలదు. కేబులు మూడు మీటర్లది చాలును. మిక్కిలి పొడవైనది తారధ్వనులను కొంత మ్రింగివేయును.

ఇక విద్యార్థులకొక మాట. స్నేహితునికి పెద్ద యంత్రమున్నదని తలిదండ్రులను నిర్బంధింపవలదు. వేదికపై వాయించుదినము వచ్చినప్పుడు, పెద్ద యంత్రమును అద్దెకు దెచ్చుకొనవచ్చును, లేదా చిన్న యంత్రము ముందు మైకు నుంచవచ్చును. అంతవఱకు దినదినమును అరగంట, ఇంటివారెవ్వరును విసుగుకొనని ధ్వనిలో, మీ మీటులను మీరే చక్కగా వినుచు సాధన చేయుడు. ఆ యరగంటకు వీలు గల్పించు యంత్రమే మీ యింటికి దగిన యంత్రము.

అభ్యాసము

1. ఒక స్పీకరు ఒక వాటు శక్తికి ఒక మీటరు దూరమున 93 డెసిబెల్లు ఇచ్చును. వాటులో పదవవంతునకు ఎన్ని డెసిబెల్లు? రెండు వాట్లకు ఎన్ని?

2. 97 డెసిబెల్ల ధ్వనిని దినమునకు ఎంతకాలము వినవచ్చును?

3. ఇత్తడి తీగెలను బిగించిన గిటారు పికప్పుద్వారా ఏల సరిగా పలుకదు?

4. మీ యింటిలోనున్న ఐదు విద్యుత్పరికరముల చీటీలను జదివి, వోల్టులను హెర్ట్‌జులను పట్టికగా వ్రాయుడు. వీటిలో ఏవి అమెరికాలోను నడువగలవు?